బేరింగులు మార్చిన చలికాలం

ఫుందావ్,
నవంబరు 1993

మామయ్యా,

మీరు పంపిన ట్యూనా డబ్బాలు చేరాయి. ఒకటి దారిలో నొక్కుకుపోయి నూనె కారింది. అట్టపెట్టె అంతా సముద్రం వాసన. గ్రాసా బడి నుంచి వస్తూనే గుమ్మంలో ఆగి, తాతయ్య వచ్చాడా అని అడిగింది. కాదు, డబ్బాలేనంటే మొహం చిన్నబుచ్చుకుంది గానీ, రాత్రి భోజనానికి దాదాపు అన్నీ తనే తినేసింది.

ఇక నా గొడవ. కారు చప్పుడు చేస్తోంది.

మొదట పట్టించుకోలేదు. ఆ డీజిలు కారు ఎప్పుడు చప్పుడు చెయ్యలేదు గనక? కానీ ఇది వేరు. తెల్లారి రొట్టెలు నింపుకుని కొండెక్కుతుంటే నా కాళ్ల కింద నుంచి దుబ్, దుబ్ మని, ఎవరో నేల లోపలి నుంచి తలుపు బాదుతున్నట్టు ఉంటోంది. కొండ దిగేటప్పుడు ఉండదు. పై ఊళ్లో ఆగి రొట్టెలు ఇస్తున్నప్పుడు, ఇంజను బాగా వేడెక్కి ఉండగా, ఆయిలు దీపం మినుకుమినుకుమంటుంది. ఎక్సిలేటరు కాస్త తొక్కితే ఆరిపోతుంది.

ఇక్కడి వర్క్‌షాపుకి తీసుకెళ్లాను. అతను చెవి పెట్టి విన్నదీ లేదు, బానెట్టు పూర్తిగా ఎత్తిందీ లేదు. చేతులు తుడుచుకుంటూ, క్రాంకు బేరింగులు పోయాయి, ఇంత పాత బండికి ఆ పని ఎవరూ చెయ్యరు, పాత ఇనుముకి ఇచ్చెయ్యండి అన్నాడు. ఏదో పాడైన కుర్చీ గురించి చెప్పినట్టు చెప్పాడు.

మీ వాల్దెమార్ ఉన్నప్పుడు కొన్న బండి అని మాత్రమే కాదు మామయ్యా. అదీ ఉంది, మీ దగ్గర దాచను. కానీ ఈ కారు లేకపోతే కొండ మీద ముసలమ్మలకి రొట్టె లేదు, నాకు పని లేదు. ఇంజన్ల సంగతి తెలిసినవాళ్లు నాకు మీరొక్కరే. మీరు సముద్రం మధ్యలో ఉన్నారు. ఏం చెయ్యమంటారు?

యుఫ్రాజియా అత్తయ్యకి నా ముద్దులు.

మీ
దియొలింద


లాజెస్, పీకో ద్వీపం
డిసెంబరు 1993

తల్లీ దియొలిందా,

నీ ఉత్తరం రేవులో అందుకుని అక్కడే చదివాను. ఇంటికొచ్చి మీ అత్తయ్యకి మళ్లీ చదివి వినిపించాను. "దుబ్ దుబ్" దగ్గర నేను గొంతు మార్చి చప్పుడు చేసి చూపిస్తే, మీ అత్తయ్య, నా సొంత చెల్లెలు, ఆ చప్పుడు నీ మోకాళ్లదేమో చూసుకో అంది. దానితో ఇలా గడుస్తోంది.

ముందు కారు ఆపెయ్. ఇవాళే. ఇంకొక్కసారి కూడా కొండెక్కకు. రొట్టెలకి వేరే దారి చూసుకో.

వర్క్‌షాపువాడు రోగం సరిగ్గానే చెప్పాడు, మందే తప్పు చెప్పాడు. క్రాంక్ షాఫ్టు అంటే ఇంజనుకి వెన్నెముక. పిస్టన్లు కిందికీ పైకీ దూకేదాన్ని గుండ్రంగా తిప్పేది అదే. దాన్ని ఐదు చోట్ల బేరింగులు పట్టుకుని ఉంటాయి. బేరింగంటే గోళీలున్నది అనుకునేవు. కాదు. అర్ధచంద్రాకారపు రేకులు, పైనొకటి కిందొకటి, మెత్తటి లోహం పూసినవి. షాఫ్టుకీ ఆ రేకుకీ మధ్య ఆయిలు పొర ఒకటి నిలబడుతుంది. షాఫ్టు తిరిగేది రేకు మీద కాదు, ఆ పొర మీద. రేకు అరిగి సందు పెరిగితే ఆయిలు నిలవదు, జారిపోతుంది. అందుకే దీపం. లోహం వెళ్లి లోహాన్ని గుద్దుతుంది. అందుకే దుబ్ దుబ్.

షాఫ్టు గీసుకుపోకుండా ఉంటే రేకులు మార్చుకోవచ్చు. ఇంజను బయటికి తియ్యనక్కర్లేదు, కింది నుంచే చెయ్యొచ్చు. పడవల్లో నేను ఎన్నో చేశాను, అదీ నీళ్లు ఊరుతున్న అడుగులో పడుకుని.

నేను రాలేను. ట్యూనా పడవలన్నీ ఇప్పుడు ఒడ్డు మీద ఉన్నాయి, ఇంజన్లన్నీ నా ప్రాణం మీద ఉన్నాయి. విమానం సంగతి నీకు తెలుసు. నేను బిగించని బోల్టుల మీద కూర్చుని ఆకాశంలోకి వెళ్లను.

కాబట్టి నువ్వే చెయ్యాలి. నవ్వకు. రొట్టె ముక్క మీద వెన్న సమంగా రాయగలిగిన మనిషి ఈ పని చెయ్యగలదు. బలం పని కాదిది, శుభ్రం, ఓపిక.

ఆయిలు దింపి, ఒక తెల్లగుడ్డలో వడకట్టు. గుడ్డలో ఏం మిగిలిందో నాకు రాయి. ఆ తర్వాత కింద ఆయిల్ చాంబరు బోల్టులు విప్పు. కింది రేకుల్ని పట్టుకుని ఐదు క్యాపులుంటాయి, రెండోది విప్పి రేకు చూడు. షాఫ్టు మీద గోరు పెట్టి అడ్డంగా లాగు. గోరు ఎక్కడైనా తట్టుకుంటే ఆగిపో, నాకు రాయి.

అన్నిటికంటే ముందు ఇది: జాకీ మీద లేపిన కారు కిందికి దూరావంటే ఇక నాకు ఉత్తరం రాయకు. గట్టి చెక్కదిమ్మలు పెట్టు, కారు మొత్తం ఊపి చూడు, కదలకపోతేనే దూరు. ఉన్న ఒక్క కొడుకుని పోగొట్టుకున్నది చాలు.

ఈ కవరులో సన్నటి మైనపు పోగులు పెడుతున్నాను. పారెయ్యకు. వాటితో ఏం చెయ్యాలో తర్వాత చెబుతాను.

ఎర్మీనియో మామయ్య


ఫుందావ్,
జనవరి 1994

మామయ్యా,

కొత్త సంవత్సరం మీకు మంచి చెయ్యాలి. నాకైతే ఆయిలుతో మొదలైంది. జుట్టులోంచి పోవడం లేదు.

గుడ్డలో మెరుపులు మిగిలాయి. ఎండలోకి పట్టుకెళ్తే సన్నటి జరీలా ఉంది. గ్రాసా చాలా బావుంది, దాచుకుంటానంది. కారు ప్రాణం పోతుంటే ఇది జరీ అంటుందేమిటి అనిపించింది.

చాంబరు దింపాను. రెండో క్యాపులో రేకు ఇలా ఉంది: బూడిదరంగు అంతా పోయి మధ్యలో రాగి రంగు తేలింది. నాలుగోదీ అంతే. మిగతావి కాస్త నయం. షాఫ్టు మీద గోరు లాగాను. ఎక్కడా తట్టలేదు. రెండుసార్లు లాగాను, గోరు మార్చి మళ్లీ లాగాను. గాజు మీద లాగినట్టు జారిపోయింది. అప్పుడు కారు కిందే పడుకుని కాసేపు నవ్వుకున్నాను.

దిమ్మలు పెట్టాను, ఊపాను, కదల్లేదు. చోటు కూడా బాగా దొరికింది. వెచ్చగా ఉంటుంది, బయట మంచు కురుస్తున్నా వేళ్లు కొంకర్లు పోవడం లేదు. రొట్టెల సంగతి బెంగపడకండి, ప్రస్తుతానికి వేరే బండిలో వెళ్తున్నాయి.

రేకులు కస్తెలో బ్రాంకో పట్నంలో దొరికాయి, అసలు సైజువే. పిస్టన్ రాడ్డుల బేరింగులు కూడా తెచ్చాను.

రెండు సందేహాలు. కింది రేకు క్యాపుతో పాటు వచ్చేస్తుంది, సరే. పై రేకు షాఫ్టుకి పైన ఉంది కదా. షాఫ్టు దింపకుండా దాన్ని ఎలా తియ్యడం? రెండోది, విప్పిన క్యాపుల మీద తెల్లటి పొడి లాంటిది సన్నగా పడుతోంది. తుడిస్తే పోతుంది గానీ మర్నాటికి మళ్లీ ఉంటోంది. అది ప్రమాదమా?

గ్రాసా ఈ ఏడు బడిలో పాటల బృందంలో చేరింది. గొంతు వాళ్ల నాన్నది కాదు, అది దాని అదృష్టం.

దియొలింద


లాజెస్,
జనవరి 1994

తల్లీ,

గోరు తట్టలేదన్న మాట చదివి బయటికెళ్లి ఒక గ్లాసు ద్రాక్షసారా తాగొచ్చాను. షాఫ్టు బతికింది. ఇక భయం లేదు.

పై రేకు సంగతి. షాఫ్టు మీద ఆయిలు వచ్చే చిన్న రంధ్రం కనిపిస్తుంది. ఒక చీలపిన్ను తీసుకుని దాని తల సుత్తితో నలగ్గొట్టి, రేకు మందం కంటే పల్చగా చెయ్యి. దాన్ని ఆ రంధ్రంలో గుచ్చు. ఇప్పుడు షాఫ్టుని ముందు వైపు కప్పీ బోల్టుకి స్పానరు వేసి మెల్లగా తిప్పితే, పిన్ను తల పోయి రేకు అంచుని తోస్తుంది, రేకు షాఫ్టు చుట్టూ జారి చేతిలోకొస్తుంది. రేకుకి ఒక పక్క చిన్న నాలుక ఉంటుంది. నాలుకున్న వైపే ముందు బయటికి రావాలి. తప్పు వైపు తిప్పితే ఇరుక్కుంటుంది. కొత్త రేకు అదే దారిలో వెనక్కి వెళ్తుంది. లోపలి వైపు ఆయిలు రాయి, వీపు మాత్రం పొడిగా ఉండాలి.

ముందుగా హీటర్ ప్లగ్గులు తీసెయ్, లేకపోతే షాఫ్టు తిరగదు. ఒకసారికి ఒక్క క్యాపే విప్పు. అది పూర్తయి బిగించాకే రెండోదాని మీద చెయ్యి వెయ్యి. క్యాపుల మీద అంకెలుంటాయి, ఎక్కడిది అక్కడే, ఏ వైపుది ఆ వైపే. ప్రతి క్యాపు బిగించాక షాఫ్టు తిప్పి చూడు. తిరక్కపోతే ఎక్కడో చెత్త చేరినట్టు.

మైనపు పోగు: షాఫ్టు మీద ఆయిలు తుడిచి, చిన్న ముక్క పెట్టి, క్యాపు పూర్తిగా బిగించి, మళ్లీ విప్పు. ఈసారి షాఫ్టు తిప్పకూడదు. పోగు నలిగి వెడల్పవుతుంది. ఎంత వెడల్పైతే సందు అంత తక్కువ. పోగుల కాయితం మీదే గీతలున్నాయి, వాటితో పోల్చు. చూశాక పోగంతా గీకెయ్.

బిగించేది టార్క్ రెంచితోనే. ఎవరినైనా అడిగి తెచ్చుకో. నీ మణికట్టు మీద నాకు నమ్మకముంది గానీ అంత లేదు.

తెల్లపొడి సంగతి అర్థం కాలేదు. నా జీవితంలో ఇంజన్ల మీద మసి చూశాను, ఉప్పు చూశాను, ఒకసారి పిల్లి పిల్లల్ని చూశాను. తెల్లపొడి చూడలేదు. నువ్వు ఎక్కడ చేస్తున్నావీ పని? మీ అత్తయ్య విని, అది పిండి అయ్యుంటుంది అని, ఇంకేమీ అనకుండా కూర పొయ్యి మీంచి దించింది. ఏదైతేనేం, క్యాపులు గుడ్డలో చుట్టిపెట్టు. వెంట్రుక పడినా బేరింగు పోతుంది.

ఎర్మీనియో మామయ్య


ఫుందావ్,
ఫిబ్రవరి 1994

మామయ్యా,

అయిపోయింది. కారు నడుస్తోంది.

వరసగా చెబుతాను. మొదటి క్యాపుకి ఒక సాయంత్రమంతా పట్టింది. పిన్ను తల మరీ నలగ్గొట్టేశాను, విరిగింది. రెండో పిన్ను సరిపోయింది. స్పానరు తిప్పుతుంటే రేకు అంచు షాఫ్టు పక్క నుంచి, పిల్లలు పక్కమీంచి దిగడానికి ముందు కాలు బయటపెట్టినట్టు, మెల్లగా బయటికొచ్చింది. ఆ క్షణం మీరుండాల్సింది. అలా ఒక్కొక్కటీ. ఐదోది, గేరుబాక్సు వైపుది, ఏడిపించింది. ఎంత తిప్పినా రాలేదు. తలకిందులుగా దూరి చూస్తే రేకు కాస్త వాలి ఉంది. వెనక్కి కొంచెం తిప్పి, వేలితో సర్ది, మళ్లీ తిప్పితే అప్పుడొచ్చింది.

పోగులు అన్నీ రెండో గీత, మూడో గీత మధ్య నలిగాయి. బాగున్నట్టేగా?

కొత్త ప్యాకింగు వేసి చాంబరు ఎక్కించాం. కొత్త ఆయిలు పోసి, డీజిలు రాకుండా ఆపి, దీపం ఆరేదాకా సెల్ఫు కొట్టాను. ఆరింది. అప్పుడు డీజిలు వదిలి స్టార్టు చేశాను. ఒక్కసారి దగ్గి అందుకుంది. నేను కిందకి వంగి విన్నాను, పైకి లేచి విన్నాను. దుబ్ దుబ్ లేదు.

మర్నాడు రొట్టెలు నింపి కొండెక్కాను. పై ఊరి ముసలమ్మ ఒకావిడ, ఇన్నాళ్లూ నీ బండి చప్పుడు విని లేచి స్టవ్వు మీద పాలు పెట్టేదాన్ని, ఇవాళ నువ్వొచ్చినట్టే తెలీలేదు, పాలు చల్లగానే ఉన్నాయి అని తిట్టింది. ఇంతకంటే మంచి మాట ఇంజనుకి ఎవరూ చెప్పలేరనుకుంటా.

మీకు ఎలా చెప్పుకోను మామయ్యా. మీ చేతులు నా చేతుల్లోకి వచ్చినట్టుంది.

దియొలింద


లాజెస్,
మార్చి 1994

తల్లీ దియొలిందా,

నీ ఉత్తరం రేవులో ఉన్న ప్రతివాడికీ చదివి వినిపించాను. పిల్లలు కాలు బయటపెట్టినట్టు అన్న మాట ఇక్కడ అందరికీ నచ్చింది. రెండో గీతా మూడో గీతా మధ్యంటే, ఆ ఇంజను నాకంటే ఎక్కువ కాలం బతుకుతుంది.

ఇప్పుడు ఇంకో సంగతి. తప్పు పట్టడానికి కాదు, అడుగుతున్నాను.

ఐదో బేరింగు గేరుబాక్సు పక్కన ఉంటుంది. స్పానరు వేసేది ఇంజను ముందు. నువ్వు ఒక చేత్తో ముందు స్పానరు తిప్పుతూ, వెనకెక్కడో రేకు వాలిందని తల దూర్చి చూసి, వేలితో సర్దావు. నీ చేతులు నాకు గుర్తున్నంతవరకు మామూలు పొడుగే. చాంబరు ఎక్కించాను అని కాదు, ఎక్కించాం అని రాశావు. పని జరిగిన చోటు వెచ్చగా ఉంది, క్యాపుల మీద పిండి రాలింది. నువ్వు రొట్టెలు ఎక్కించుకునేది బేకరీలో.

మీ అత్తయ్య జనవరిలో నా ఉత్తరం పోస్టు చేశాకే చెప్పింది, ఆ కారు దగ్గర ఒక మగమనిషి ఉన్నాడు అని. నేను నోరు మూసుకోమన్నాను.

కూలికి పిలిచిన మనిషైతే పేరు రాయి, మెచ్చుకుంటాను. ఇంకో రకం మనిషైతే, అదీ రాయి.

ఎర్మీనియో మామయ్య


ఫుందావ్,
మార్చి 1994

మామయ్యా,

ఆయన పేరు అదెలీనో. బేకరీ ఆయనదే. మా రొట్టెలన్నీ ఆయన పొయ్యిలోంచే వస్తాయి. నలభై నాలుగేళ్లు, పెళ్లి చేసుకోలేదు, తల్లిని చివరిదాకా చూసుకున్నాడు. కారు ఆగిపోయిందని చెబితే, పొయ్యి వెనక షెడ్డులో పెట్టుకోండి, రాళ్లు వేడిగా ఉంటాయి, గోడ వెచ్చగా ఉంటుంది అన్నాడు. అంతే మొదలు.

ఇంజన్ల గురించి ఆయనకి ఏమీ తెలీదు. మీ ఉత్తరం నేను కింద పడుకుని గట్టిగా చదివేదాన్ని, ఆయన ముందు నిలబడి స్పానరు పట్టుకునేవాడు. తిప్పండి అంటే తిప్పేవాడు, ఆపండి అంటే ఆపేవాడు. రోజుకి రెండు మాటల కంటే ఎక్కువ మాట్లాడేవాడు కాదు.

ఐదోది రానప్పుడు జరిగింది మీకు రాయలేదు. అది ఇరుక్కుపోయింది. నేను వెల్లకిలా పడుకుని, చేతులు మోచేతుల దాకా నల్లగా, ఉన్నట్టుండి ఏడుపొచ్చేసింది. బేరింగు గురించి కాదు. నాలుగేళ్లుగా ఏడవాల్సిందంతా అక్కడ, ఆ కారు కింద వచ్చింది. వాల్దెమార్ ఈ కారు తెచ్చిన రోజు వీధి చివరి నుంచి హారన్ కొట్టుకుంటూ రావడం గుర్తొచ్చింది. అదెలీనోకి నా బూట్లు తప్ప ఏమీ కనిపించవు. కానీ విన్నాడు. కాసేపటికి, "తిప్పనా, ఆగనా?" అని అడిగాడు.

"ఆగండి" అన్నాను.

ఆయన స్పానరు పక్కన పెట్టి, నా బూట్ల పక్కనే నేల మీద కూర్చున్నాడు. నేను మళ్లీ తిప్పండి అనేదాకా అలాగే కూర్చున్నాడు.

కారు నడిచాక ఒక ఉదయం నాతో పాటు కొండ మీదికి వచ్చాడు. రొట్టెలన్నీ ఇచ్చేశాక, తిరిగొచ్చే ముందు, "దియొలింద గారూ, నాకు మాటలు రావు. మీకు అభ్యంతరం లేకపోతే నేను మీ ఇంట్లో మనిషిని అవుదామనుకుంటున్నాను" అన్నాడు.

నాకొక కూతురుంది, సముద్రం మధ్యలో ఒక మామగారున్నారు అని చెప్పాను.

"ఉండనివ్వండి. నేనెవర్నీ పొమ్మనడం లేదుగా" అన్నాడు.

నేను ఒప్పుకున్నాను మామయ్యా. ఇక్కడి తోటల్లో చెర్రీ పళ్ల కోత అయిపోయాక, జూన్ చివర పెళ్లి.

ముందే రాయాల్సింది. ప్రతి ఉత్తరంలో రాద్దామనుకునేదాన్ని. మీరు నాకు బేరింగుల గురించి ఇంత శ్రద్ధగా చెబుతుంటే, ఆ కాయితం మీదే మీ అబ్బాయి చోటులోకి ఇంకొకర్ని తెస్తున్నానని రాయడానికి చెయ్యి రాలేదు. మీరు ఉత్తరాలు మానేస్తారేమోనని భయం. ఇప్పటికీ ఉంది.

దియొలింద


లాజెస్,
ఏప్రిల్ 1994

దియొలిందకి,

ఉత్తరం అందింది.

కొత్త బేరింగులు వేశాక మొదటి ఆయిలు తొందరగా మార్చాలి. మార్చకపోతే మార్చు. ఫిల్టరు కూడా.

గ్రాసాకి ముద్దులు.

ఎర్మీనియో


ఫుందావ్,
మే 1994

మామయ్యా,

మీరు ఒట్టి పేరుతో సంతకం పెట్టినా నేను ఇలాగే పిలుస్తాను.

ఆయిలు మార్చాను. ఫిల్టరు కూడా. గుడ్డలో ఏమీ మిగల్లేదు.

మీ ఉత్తరం వంటింట్లో నిలబడి చదివాను, తర్వాత కూర్చుని చదివాను. ఎంత వెతికినా అంతే ఉంది. మీకు కోపం వచ్చిందని రాసి ఉంటే బావుండేది. తిట్టి ఉంటే ఇంకా బావుండేది. తిట్టేవాళ్లయితే మళ్లీ మాట్లాడతారు.

నేను క్షమించమని అడగను. అడిగితే అదెలీనోకి అన్యాయం చేసినట్టవుతుంది, ఆయనేమీ తప్పు చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు. వాల్దెమార్‌ని మర్చిపోయి ఈ పని చెయ్యడం లేదు. ఆయన ఫొటో ఎక్కడుందో అక్కడే ఉంటుంది. అదెలీనోనే ఆ మేకు వదులైందని కొత్తది కొట్టాడు.

ఒక్క విషయం మాత్రం మీకే వదులుతున్నాను. మొన్న రాత్రి భోజనం దగ్గర గ్రాసా అడిగింది, పెళ్లయ్యాక అదెలీనోని ఏమని పిలవాలి అని. నీకు ఎలా తోస్తే అలా పిలువు అన్నాను. తర్వాత, పీకో తాతయ్య అప్పుడు కూడా నాకు తాతయ్యే కదా అని అడిగింది. అవునే పిచ్చిదానా అనాలి. కానీ మీ ఆ చిన్న ఉత్తరం గుర్తొచ్చింది. తాతయ్యనే అడుగుదాం అన్నాను.

ఆ జవాబు నాది కాదు మామయ్యా. మీరే రాయాలి. నాకు రాయడం ఇష్టం లేకపోతే దానికి రాయండి, చదవడం బాగా వచ్చు.

ఇంకోటి కూడా అడిగేస్తున్నాను, ధైర్యం వచ్చినప్పుడే. మా నాన్న లేరు. చర్చిలో నన్ను చెయ్యి పట్టుకుని నడిపించడానికి నాకు మీరు తప్ప ఎవరూ లేరు. మీరు రాకపోతే ఒక్కదాన్నే నడుస్తాను. ఇంకెవర్నీ పిలవను.

మీ
దియొలింద


ప్రాయా ద విటోరియా రేవు
జూన్ 1994

తల్లీ,

నా జవాబు కాయితం మీద రాస్తే చాలదు. అందుకని నేనే పట్టుకొస్తున్నాను. గ్రాసాకి చెప్పు, తాతయ్య ఎక్కడికీ పోలేదు, అటే వస్తున్నాడని.

విమానంలో కాదు, అందులో ఈ ఉత్తరమే వస్తుంది. ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకున్నవాడు ఇప్పుడొక సిమెంటు ఓడలో ఇంజను చూస్తున్నాడు. లిస్బన్ దాకా వాడి కేబిన్‌లో పడుకోనిస్తానన్నాడు. అక్కడి నుంచి బస్సు.

ఏప్రిల్లో నీ ఉత్తరం చదివి రేవులోకెళ్లి శుభ్రంగా పనిచేస్తున్న పంపొకటి విప్పిపారేశాను. తర్వాత నీకు ఆ ఆయిలు ఉత్తరం రాశాను. మీ అత్తయ్యకి చూపించకుండా పోస్టు చేశాను. నీ మే ఉత్తరం మాత్రం తనే ముందు తీసి చదివింది. చదివి నా ఎదురుగా కూర్చుని, "అన్నయ్యా, కొడుకుని సముద్రం తీసుకుపోలేదు, నువ్వు తీసుకుపోలేదు, దేవుడు తీసుకుపోయాడు. ఈ పిల్లల్ని మాత్రం నువ్వే పోగొట్టుకుంటున్నావు" అంది. మూడు రోజులు దానితో మాట్లాడలేదు. నాలుగో రోజు నా కోటు ఇస్త్రీ చెయ్యమని అడిగాను.

ఓడ కూత వేస్తోంది.

మామయ్య


లాజెస్,
ఆగస్టు 1994

తల్లీ దియొలిందా,

మేమిద్దరం క్షేమంగా చేరాం. గ్రాసా సెలవులకి ఇక్కడికి వచ్చిన రోజు నుంచి చెప్పులు వేసుకోలేదు. మీ అత్తయ్య దానికి రోజూ చేపల పులుసు పెడుతోంది. నేను విమానం ఎక్కానన్న సంగతి ఇంకా ఎవరూ నమ్మడం లేదు. గ్రాసా ఒక్కతే సాక్షి. నేను కళ్లు మూసుకుని కుర్చీ చెయ్యి పట్టుకున్నానని ఊరంతా చెబుతోంది. తను పట్టుకున్నది నా చెయ్యేనని మాత్రం చెప్పడం లేదు.

నీకు అక్కడ చెప్పలేనిది ఒకటుంది, చెబుతాను.

పెళ్లి రోజు ఉదయం నువ్వు అలంకరించుకుంటుంటే, నేను అదెలీనోతో రొట్టెల బండిలో వెళ్లాను కదా. ఇంజను వినడానికి వస్తున్నానని చెప్పాను. నిజంగానే విన్నాను. ఊరు దాటాక, నేనేమీ అడక్కుండానే అతను సమాధుల గేటు దగ్గర ఆపి, ఇంజను కట్టేశాడు. నేను దిగి వాల్దెమార్ దగ్గరికి వెళ్లాను. ఎంతసేపున్నానో నాకే తెలీదు. చాలాసేపే ఉన్నట్టున్నాను. తిరిగి వచ్చేసరికి అతను అలాగే స్టీరింగు పట్టుకుని కూర్చుని ఉన్నాడు, వెనక రొట్టెలు చల్లారిపోయాయి. అక్కడి నుంచి ప్రతి ఊళ్లో ముసలమ్మలు వచ్చి, పెళ్లికొడుకువి కదా అని రొట్టె చల్లగా తెస్తావా అని అతన్ని వాయించారు. నా వల్ల ఆలస్యమైందని ఒక్కచోట కూడా అనలేదు. అవునమ్మా, అవునమ్మా అంటూ రొట్టెలు అందించాడు.

ఆ తర్వాత నీ చెయ్యి అతనికి అందించడం నాకు కష్టం కాలేదు.

ఇంకోటి. వచ్చేటప్పుడు పక్క ద్వీపంలో విమానం దిగి, ఒర్తా రేవు నుంచి పీకోకి పడవెక్కాం. టిక్కెట్లిచ్చే మనిషి నన్ను చిన్నప్పటి నుంచీ ఎరిగినవాడు. కోటు, కొత్త బూట్లు చూసి, ఎక్కడి నుంచి ఎర్మీనియో అని అడిగాడు. ఆ ప్రశ్న వస్తుందని నాకు ముందే తెలుసు. లిస్బన్ నుంచి దారంతా దానికి జవాబు వెతుక్కుంటూనే ఉన్నాను. కోడలి పెళ్లికి అంటే వాడు నవ్వుతాడు, నవ్వితే నేను ఊరుకోలేను. చుట్టాల పెళ్లి అందామనుకున్నాను. కానీ పక్కన గ్రాసా ఉంది. నా మొహంలోకే చూస్తోంది.

"మా అమ్మాయి పెళ్లికి వెళ్లొస్తున్నా" అన్నాను.

వాడు డబ్బులు తీసుకుంటూ ఆగి, "నీకు అమ్మాయెక్కడుంది? నీకు పుట్టింది ఒక్క కొడుకేగా" అన్నాడు.

"ఉంది. ఫుందావ్‌లో" అన్నాను. "రొట్టెలమ్ముతుంది. ఇంజన్లు కూడా విప్పుతుంది."

నాన్న